డీఎన్‌ఏ హంతకుడి పేరు చెప్పదు, ముందు ఆ సంగతి రాయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. "జాక్ ది రిప్పర్ ఎవరో తేలిపోయింది" అనే వార్త 2014లో వచ్చింది, 2019లో వచ్చింది, మళ్లీ 2025లో వచ్చింది. మూడుసార్లూ అదే శాలువా, అదే మనిషి పేరు, అదే "డీఎన్‌ఏతో వీడిన మిస్టరీ". ఒకసారి వీడిన మిస్టరీ ఐదేళ్లకోసారి మళ్లీ మళ్లీ ఎందుకు వీడుతోందని ఏ డెస్కులోనూ ఎవరికీ అనుమానం రాకపోవడమే నాకు విచిత్రంగా ఉంది. మీ ఒక్కరినే అనడం లేదు, పేపర్లు, టీవీలు, యూట్యూబ్ చానళ్లు అందరిదీ ఒకటే పాట. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగే. చోటు చాలకపోతే నా విసుర్లు కత్తిరించండి గానీ కేసుల వివరాలు మాత్రం ఉంచండి.

ముందు ఆ శాలువా సంగతే చూద్దాం. 1888లో లండన్ వైట్‌చాపెల్ చుట్టుపక్కల కనీసం ఐదుగురు ఆడవాళ్లను చంపాడని రిప్పర్ మీద లెక్క. వాళ్లలో ఒకరు కేథరిన్ ఎడోస్, సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మైటర్ స్క్వేర్ అనే చోట ఆమె శవం దొరికింది. శవం దగ్గరున్న శాలువాను అమోస్ సింప్సన్ అనే పోలీసు సార్జంట్ ఇంటికి పట్టుకుపోయాడని, అది ఆయన కుటుంబంలో తరాలుగా ఉండిపోయిందని కథ. 2007లో రస్సెల్ ఎడ్వర్డ్స్ అనే వ్యాపారవేత్త దాన్ని వేలంలో కొన్నాడు. ఇక్కడే మొదటి చిల్లు ఉంది. మైటర్ స్క్వేర్ సిటీ ఆఫ్ లండన్ పోలీసుల పరిధి, సింప్సనేమో మెట్రోపాలిటన్ పోలీసు, ఆ వేళప్పుడు ఆయనకు అక్కడేం పని? రెండోది ఇంకా పెద్ద చిల్లు. ఎడోస్ ఒంటి మీద, జేబుల్లో ఏమేం ఉన్నాయో పోలీసులు అప్పుడే జాబితా రాసిపెట్టారు. మట్టి పైపులు, టీపొడి ఉన్న చిన్న రేకు డబ్బా, పంచదార ఉన్న ఇంకో డబ్బా, సబ్బుముక్క, పేల దువ్వెన, చెంచా, గుడ్డపేలికలు, గుండుసూదులు. ఆ పేదరాలి దగ్గరున్న సబ్బుముక్కను కూడా వదలకుండా రాసినవాళ్లు, అంత శాలువాను రాయడం మర్చిపోయారంటే నమ్మాలా?

సరే, నమ్మేశాం అనుకుందాం. ల్యాబ్‌లోకి వెళ్దాం. జారి లౌహెలైనెన్ అనే శాస్త్రవేత్త ఆ శాలువా మీది మరకల నుంచి డీఎన్‌ఏ తీసి, ఒక మరక ఎడోస్ వంశంలోని ఒకరితోను, ఇంకో మరక ఆరన్ కొస్మిన్‌స్కీ అనే అనుమానితుడి బంధువుతోను కలిశాయన్నాడు. అయితే ఆయన కలిపి చూసింది మైటోకాండ్రియా డీఎన్‌ఏని. ఇది ఏమిటో తెలియకపోతే ఈ వార్తల్లో ఏదీ అర్థం కాదు, అందుకని కొంచెం ఓపిక పట్టండి.

మన కణంలో ఉండే అసలు డీఎన్‌ఏ మూడువందల కోట్ల పైచిలుకు అక్షరాల పొడవు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది. ఒకే పోలిక కవలల్ని వదిలేస్తే ఏ ఇద్దరిదీ ఒకటి కాదు. హత్య కేసుల్లో "ఈ మనిషే" అని కోర్టులో నిలబడి చెప్పేది ఇదే. కానీ నూరేళ్లు దాటిన మరకలో ఇది చాలావరకు తునాతునకలైపోయి ఉంటుంది, వేడి, తేమ, బూజు, మనుషుల చేతులు అన్నీ కలిసి దాన్ని తినేస్తాయి. అప్పుడు మిగిలేది మైటోకాండ్రియాలో, అంటే కణానికి శక్తినిచ్చే చిన్న భాగాల్లో, ఉండే చిన్న డీఎన్‌ఏ, 16,569 అక్షరాలే, కాకపోతే ఒక్కో కణంలో వందల కొద్దీ, వేల కొద్దీ కాపీలు ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి బతికి బట్టకడుతుంది. ఇది తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వస్తుంది. తల్లివైపు నుంచి వచ్చే ఇంటిపేరు అనుకోండి. ఇంటిపేరు కలవకపోతే "ఇతను ఆ ఇంటివాడు కాదు" అని ఢంకా బజాయించి చెప్పొచ్చు. కలిస్తే మాత్రం, ఆ ఇంటిపేరు ఉన్నవాళ్లు ఊళ్లో ఎంతమంది ఉంటే అంతమందీ లెక్కలోకి వస్తారు. పాత కేసుల్లో ఈ పరీక్ష కాదనడానికి పనికొచ్చినంతగా అవుననడానికి పనికిరాదు. ఈ ఒక్క ముక్క వార్తలో ఎక్కడా రాయరు.

2014లో చెప్పినదాని ప్రకారం ఆ శాలువా మరకలో 2 లక్షల 90 వేల మందిలో ఒకరికి మాత్రమే ఉండే అరుదైన మార్పు ఒకటి దొరికింది, దానికి 314.1సి అని పేరు. వినడానికి అదిరిపోయింది. తీరా చూస్తే ఆ గుర్తు రాయడంలోనే పొరపాటు జరిగిందని, అది 315.1సి అయ్యుండాలని, అది యూరప్ మూలాలున్నవాళ్లలో నూటికి 99 మందికి పైగా ఉండేదేనని నిపుణులు బయటపెట్టారు. డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కనిపెట్టిన అలెక్ జెఫ్రీస్ కూడా అదే మాటన్నాడు. అంటే లక్షల్లో ఒకరికి ఉండే గుర్తు కాస్తా లండన్లో సగటు మనిషి గుర్తు అయిపోయింది. 2019లో జర్నల్ వ్యాసం వచ్చినప్పుడైనా అసలు డీఎన్‌ఏ అక్షరాలు అచ్చు వేస్తారేమో అనుకుంటే, ప్రైవసీ చట్టం అడ్డొచ్చిందంటూ వాటి బదులు రంగురంగుల గడుల బొమ్మలు వేశారు. మిగతావాళ్లు సరిచూసుకునే దారే లేనప్పుడు అది సైన్స్ ఎలా అవుతుందో నాకైతే అర్థం కాలేదు. పైగా ఆ మరక తాలూకు మనిషికి గోధుమరంగు జుట్టు, గోధుమరంగు కళ్లు అని కూడా తేల్చారట. లండన్ వీధిలో రాయి విసిరితే అలాంటివాడికే తగులుతుంది.

ఇవన్నీ పక్కన పెట్టి, ఆ మరక నూటికి నూరుపాళ్లు కొస్మిన్‌స్కీదే అనుకున్నా సరే, దానివల్ల రుజువయ్యేది ఏమిటి? ఆ మనిషి ఆ గుడ్డను ఎప్పుడో ఒకప్పుడు తాకాడని. ఎప్పుడు, ఎక్కడ, చేతిలో కత్తి ఉండగానా లేకుండానా అనేది డీఎన్‌ఏకి తెలియదు.

ఈ కొస్మిన్‌స్కీ ఎవరో కూడా ఒక మాట రాస్తే బాగుండేది. పోలండ్ నుంచి లండన్ వచ్చిన యూదు, క్షురకుడు, మతి చలించి 1891లో పిచ్చాసుపత్రిలో చేరి 1919లో అక్కడి బతుకుతోనే పోయాడు. అప్పటి పోలీసు అధికారుల రాతల్లో ఆ ఇంటిపేరు అనుమానితుల్లో కనిపిస్తుంది, అంతే. విచారణ లేదు, సాక్షి లేడు, లాయర్ లేడు. వలస వచ్చిన పేదవాడు, పైగా పిచ్చివాడు, ఏమన్నా తిరిగి అనలేడు. అలాంటివాడి మీద నిరూపించలేని నేరం రుద్ది, ఫొటో స్థానంలో ఊహాచిత్రం వేసి, "ఇతడే ఆ నరరూప రాక్షసుడు" అని రాయడానికి మనకు చెయ్యెలా వస్తోంది? చచ్చినవాడు పరువు నష్టం దావా వేయలేడనే ధైర్యమా?

డీఎన్‌ఏ అబద్ధం చెప్పదు అనే మాట ఒకటి బాగా నలిగిపోయింది. అది అబద్ధం చెప్పదు నిజమే, కానీ మనం అడగని ప్రశ్నకు జవాబు చెబుతుంది. జర్మనీలో జరిగిన ఒక సంగతి చూడండి. 1993 నాటి ఒక హత్య మొదలుకొని జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్ దేశాల్లో దాదాపు 40 నేరస్థలాల్లో ఒకే ఆడమనిషి డీఎన్‌ఏ దొరుకుతూ పోయింది. హత్యలు, దొంగతనాలు, ఒకదానికొకటి పొంతన లేని నేరాలు. 2007లో హైల్‌బ్రాన్ ఊళ్లో ఒక యువ పోలీసు అధికారిణిని తలలో కాల్చి చంపితే వాళ్ల కారులోనూ అదే డీఎన్‌ఏ. పేపర్లు "ముఖం లేని మహిళ" అని పేరు పెట్టేశాయి, 3 లక్షల యూరోల బహుమతి ప్రకటించారు. 2009లో ఒక మగమనిషి వేలిముద్రలున్న కాగితం నుంచి కూడా ఈ ఆడమనిషి డీఎన్‌ఏనే వచ్చేసరికి పోలీసులు తలలు పట్టుకుని, అప్పుడు నమూనాలు తీయడానికి తాము వాడుతున్న దూదిపుల్లను చూసుకున్నారు. ఆ పుల్లలు తయారయ్యే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే ఒక కార్మికురాలి డీఎన్‌ఏ అది! స్టెరిలైజ్ చేశారు, సూక్ష్మజీవులు చచ్చాయి, డీఎన్‌ఏ మాత్రం చెక్కుచెదరలేదు. ఇన్నేళ్లు మూడు దేశాల పోలీసులు వెతికిన హంతకురాలు పాపం తన మానాన తాను దూదిపుల్లలు ప్యాక్ చేసుకుంటున్న మనిషి. ఆ పోలీసు అధికారిణి హత్య వెనకున్నది ఒక నియోనాజీ ముఠా అని 2011లో ఆమె సర్వీసు పిస్టల్ వాళ్ల దగ్గర దొరికినప్పుడు గానీ తెలియలేదు.

ఇది కొత్త పరికరాలతో, శిక్షణ పొందినవాళ్లతో, తాజా నేరస్థలాల్లో జరిగింది. అలాంటిది ఎవరెవరి ఇళ్లలోనో మడతపెట్టి, దులిపి, వేలంలో పెట్టి, టేబుల్ మీద పరిచి అందరూ పట్టి చూసిన గుడ్డ సంగతి ఏం చెప్పాలి!

నేను డీఎన్‌ఏ పరీక్షకు వ్యతిరేకిని అనుకోకండి. అది ఎక్కడ పనిచేస్తుందో అక్కడ దాన్ని మించింది లేదు. అమెరికాలో గోల్డెన్ స్టేట్ కిల్లర్ అనేవాడు 1970ల నుంచి 1986 దాకా 13 హత్యలు, 50కి పైగా అత్యాచారాలు చేసి మాయమైపోతే, 2018లో 72 ఏళ్ల జోసెఫ్ జేమ్స్ డీఆంజెలోని ఇంటి దగ్గర పట్టుకున్నారు. వంశవృక్షాలు వెతుక్కునే మామూలు జనం తమ డీఎన్‌ఏని పెట్టుకునే జెడ్‌మ్యాచ్ అనే చోట హంతకుడి డీఎన్‌ఏని పోల్చి చూస్తే దూరపు బంధువులు దొరికారు. అక్కడి నుంచి ముత్తాతల ముత్తాతల దాకా పైకి ఎక్కి, మళ్లీ కొమ్మకొమ్మా కిందికి దిగి, వయసు, ఊరు సరిపోయేవాళ్లను ఏరితే ఇతను తేలాడు. అప్పుడు కూడా వంశవృక్షం చాలదని, అతని కారు తలుపు పిడి మీద నుంచి, అతను పారేసిన టిష్యూ కాగితం మీద నుంచి డీఎన్‌ఏ తీసి పాతదానితో నేరుగా కలిపి చూశాకే చెయ్యి వేశారు. 2020లో తనే నేరం ఒప్పుకున్నాడు. ఇది ఎందుకు కుదిరిందంటే నేరం జరిగినప్పుడే వైద్యులు తీసిన నమూనా సీలు వేసి దాచి ఉంది, అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో కాగితం ఉంది, పోల్చడానికి మనిషి బతికి ఉన్నాడు. ఈ మూడూ లేని కేసుకి ఆ మంత్రం పారదు.

అన్నట్టు ఈ పరీక్ష నేర పరిశోధనలో మొట్టమొదట చేసిన పని హంతకుడిని పట్టుకోవడం అనుకుంటారు చాలామంది. ఇంగ్లండ్‌లో లెస్టర్‌షైర్‌లో 1983లో ఒకరు, 1986లో ఒకరు, ఇద్దరు పదిహేనేళ్ల అమ్మాయిలు హత్యకు గురైతే పోలీసులు 17 ఏళ్ల కుర్రాడిని పట్టుకున్నారు, రెండో హత్య నేనే చేశానని అతను ఒప్పేసుకున్నాడు కూడా. జెఫ్రీస్ పరీక్ష చేసి చూస్తే రెండు హత్యలూ చేసింది ఒకడే, కానీ వీడు కాదు అని తేలింది. ఆ కుర్రాడు బయటపడ్డాడు. తర్వాత చుట్టుపక్కల 5 వేల మంది దాకా మగాళ్ల నమూనాలు తీసుకున్నా అసలువాడు దొరకలేదు, ఎందుకంటే కోలిన్ పిచ్‌ఫోర్క్ అనేవాడు తన బదులు తోటి ఉద్యోగిని పంపించి రక్తం ఇప్పించాడు. ఆ తోటివాడు బారులో కూర్చుని ఆ సంగతి వాగితే విన్నవాళ్లు పోలీసులకు చెప్పారు. 1988లో శిక్ష పడింది. డీఎన్‌ఏ పట్టించిందని చెప్పుకుంటాం గానీ దానికి ముందు ఒకడి నోటిదూల పట్టించింది.

బోస్టన్ స్ట్రాంగ్లర్ కేసు కూడా ఇలాగే సగం సగం రాస్తారు. 1962 నుంచి 64 వరకు బోస్టన్ ప్రాంతంలో 11 మంది ఆడవాళ్ల హత్యలు, ఆల్బర్ట్ డిసాల్వో అన్నీ తనవే అన్నాడు, ఆ హత్యలకు విచారణ జరక్కుండానే 1973లో జైల్లో పొడిచి చంపేశారు. 2013లో అతని అన్నదమ్ముల కొడుకు తాగి పారేసిన నీళ్ల బాటిల్ మీద దొరికిన డీఎన్‌ఏతో మొదలుపెట్టి, చివరికి సమాధి తవ్వి, ఆఖరి బాధితురాలు మేరీ సల్లివన్ కేసులో అతనే అని గట్టిగా తేల్చారు. ఆ ఒక్క కేసులో. మిగతా పది కేసుల్లో డీఎన్‌ఏ ఏమీ చెప్పలేదు.

ఇంకో రకం ఉంది, మనకు నచ్చని జవాబు వచ్చే రకం. 1961లో ఇంగ్లండ్‌లో ఏ6 రోడ్డు పక్కన ఒకతన్ని కాల్చి చంపి, అతనితో ఉన్న ఆమె మీద అత్యాచారం చేసి, ఆమెనూ కాలిస్తే నడుము కింద చచ్చుబడిపోయి బతికింది. ఆ కేసులో జేమ్స్ హన్రాటీని 1962 ఏప్రిల్‌లో ఉరితీశారు. అమాయకుణ్ని చంపేశారని దాదాపు నలభై ఏళ్లు ఉద్యమం నడిచింది, ఉరిశిక్ష వద్దనేవాళ్లకు అతనో జెండా అయిపోయాడు. డీఎన్‌ఏ వస్తే నిజం బయటపడుతుందని అడిగింది కూడా వాళ్లే. 2001లో సమాధి తవ్వి చూస్తే బాధితురాలి బట్ట మీదా, తుపాకీ చుట్టిన చేతిరుమాలు మీదా ఉన్నది హన్రాటీ డీఎన్‌ఏనే. రుమాలు మీదిది ముక్కు చీమిడి, ఇన్నేళ్లూ నిలిచి ఉంది. వస్తువులన్నీ ఒకే చోట ఉంచడం వల్ల ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుందని వాదించారు గానీ 2002లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. నాకు కోర్టు మాటే సబబనిపిస్తుంది, అంటుకుని ఉంటే మరి అసలు హంతకుడి డీఎన్‌ఏ ఏదీ? ఉరిశిక్ష తప్పనేవాళ్లు (నేనూ అందులో ఒకణ్ని) హన్రాటీ మీద ఆధారపడటం మానేసి వేరే వాదం వెతుక్కోవాల్సి వచ్చింది, అంతే.

క్రిప్పెన్ కేసుకి వస్తే బుర్ర తిరుగుతుంది. హాలీ హార్వే క్రిప్పెన్ అనే అమెరికన్, లండన్లో ఉండేవాడు, భార్య కోరా కనపడకుండా పోయింది. ఇంటి నేలమాళిగలో ఇటుకల కింద తల, కాళ్లు చేతులు, ఎముకలు లేని మాంసం ముద్ద దొరికింది. ఈలోగా అతను ప్రియురాలికి అబ్బాయి వేషం వేయించి ఓడెక్కాడు, ఓడ కెప్టెన్ అనుమానపడి వైర్‌లెస్‌లో కబురు పెట్టాడు, ఇన్‌స్పెక్టర్ వాల్టర్ డ్యూ అంతకంటే వేగంగా వెళ్లే ఓడలో ముందే చేరి పట్టుకున్నాడు. (ఈ డ్యూ కుర్రతనంలో రిప్పర్ కేసులోనూ పనిచేశాడు.) 1910 నవంబర్ 23న క్రిప్పెన్‌ను ఉరితీశారు. కోర్టులో కీలకమైంది పొట్ట చర్మం మీది ఒక మచ్చ. అది కోరాకి జరిగిన ఆపరేషన్ గుర్తని డాక్టర్ స్పిల్స్‌బరీ చెప్పాడు, ఆ కణజాలంతో చేసిన గాజు స్లైడ్ లండన్ ఆసుపత్రిలో భద్రంగా ఉండిపోయింది. దాదాపు వందేళ్ల తర్వాత మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో డేవిడ్ ఫోరాన్ బృందం దాన్ని పరీక్షిస్తే అది కోరా తల్లివైపు బంధువులతో కలవలేదు, పైగా మగమనిషిదని వచ్చింది!

ఇంకేం, క్రిప్పెన్ నిర్దోషి అని రాసేశారు. కానీ ఆ గుంటలోనే మాంసంతో పాటు పైజమా పైచొక్కా ముక్క ఒకటి దొరికింది, దానికి దుకాణం చీటీ ఉంది, ఆ చీటీ ఆ రూపంలో వచ్చింది క్రిప్పెన్ ఆ ఇంట్లో దిగాకే. అంటే పాత శవం కాదు, అతను కాపురమున్నప్పుడు పాతిందే. అందులో హయోసిన్ అనే విషం ఉంది, అతను అది కొన్నట్టు దుకాణం రిజిస్టర్ ఉంది. మరి మగ డీఎన్‌ఏ ఎక్కడిది? వందేళ్లలో ఆ స్లైడ్ పట్టుకున్న మగాళ్లెవరిదైనా కావచ్చు. బంధువులని తీసుకున్న ఆ ఆడవాళ్లు నిజంగా కోరా తల్లివైపువాళ్లేనా అనే ప్రశ్నా ఉంది, ఆ వంశవృక్షంలో ఒక్క మెట్టు తప్పు పడితే మొత్తం పరీక్ష గల్లంతు. 2009లో కేసు తిరగదోడమని ఒక దూరపు బంధువు అడిగితే, ఇందులో మీకు తగినంత సంబంధం లేదని సమీక్ష కమిషన్ వెనక్కి పంపింది. డీఎన్‌ఏ ఒకటి చెబుతుంటే పైజమా ఇంకోటి చెబుతోంది. ఇలాంటప్పుడు డీఎన్‌ఏదే పైచెయ్యి అని ముందే రాసుకుని కూర్చోవడం ఎందుకు?

పాత హత్యల్లో ఈ పరీక్ష నిజంగా గెలిచిన చోట్లు చూస్తే నాకు ఒకటే కనిపిస్తుంది. అది హంతకుడిని కాదు, చచ్చినవాళ్లను గుర్తుపట్టింది. రష్యా చక్రవర్తి రెండో నికొలస్‌ను, కుటుంబాన్ని, డాక్టరును, ముగ్గురు పనివాళ్లను, మొత్తం 11 మందిని 1918 జూలైలో యెకటెరిన్‌బర్గ్‌లో ఒక ఇంటి కింది గదిలో కాల్చి చంపారు. ఎవరు చంపారో ఎప్పుడూ రహస్యం కాదు, దగ్గరుండి చంపించిన యూరోవ్‌స్కీ తనే రాసిపెట్టాడు. తెలియంది శవాల సంగతి. 1979లో గుంట కనుక్కుని, 1991లో తవ్వి తీస్తే తొమ్మిది అస్థిపంజరాలే ఉన్నాయి. నికొలస్ భార్య అలెగ్జాండ్రాకు అక్క మనవడు అప్పటి బ్రిటన్ రాణి భర్త ప్రిన్స్ ఫిలిప్, ఆయన రక్తం ఇస్తే అలెగ్జాండ్రా, ముగ్గురు కూతుళ్ల ఎముకలతో కలిసింది. నికొలస్ దగ్గర ఒక చిక్కు వచ్చింది. ఆయన మైటోకాండ్రియా డీఎన్‌ఏలో ఒకచోట రెండు రకాల అక్షరాలు కలిసి కనిపించాయి, బంధువుల్లో అలా లేదు. కలుషితమైందని కొట్టిపారేయొచ్చు. అలా చేయకుండా 1899లో చనిపోయిన ఆయన తమ్ముడు జార్జి సమాధి తెరిచి చూస్తే అక్కడా అదే రెండక్షరాల కలగలుపు. అప్పటిదాకా అనుమానంగా ఉన్నదే గట్టి రుజువు అయింది.

మిగతా ఇద్దరు పిల్లలు ఏమయ్యారనే ప్రశ్న మీద ఎన్ని కథలు అల్లుకున్నాయో! రాకుమారి అనస్తాసియాని నేనే అంటూ అన్నా ఆండర్సన్ అనే ఆమె దశాబ్దాలు కోర్టుల చుట్టూ తిరిగింది. 1984లో చనిపోతే దహనం చేశారు, కానీ అంతకుముందు ఆపరేషన్‌లో తీసిన పేగు ముక్క ఆసుపత్రిలో ఉండిపోయింది. 1994లో దాన్ని పరీక్షిస్తే రాజవంశంతో సంబంధం లేదు, కనపడకుండా పోయిన ఒక పోలండ్ కార్మికురాలి బంధువుతో కలిసింది. 2007లో కొంచెం అవతల ఆ ఇద్దరు పిల్లల ఎముకల ముక్కలు కూడా దొరికాయి. 2009లో ఇంకో బృందం నికొలస్ ఎముకలను ఆయన సొంత రక్తంతోనే కలిపి చూసింది. 1891లో యువరాజుగా జపాన్ వెళ్లినప్పుడు ఓత్సు ఊళ్లో ఒక పోలీసు కత్తితో తల మీద కొట్టాడు, ఆ రక్తం అంటిన చొక్కా హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. చూశారా, ఇది కూడా పాత గుడ్డ మీది పాత రక్తమే. కాకపోతే ఎవరి చొక్కా, ఎప్పుడు తడిసింది, ఎక్కడ ఉంది అన్నీ కాగితం మీద ఉన్నాయి. శాలువాకీ చొక్కాకీ తేడా అదే.

అంతకంటే పాత శవాల దగ్గర కూడా ఇంతే. ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన ఓట్జీ 5,300 ఏళ్ల నాటివాడు, ఎడమ భుజంలో బాణం మొన దిగి చచ్చాడని 2001లో ఎక్స్‌రేలో తేలింది. ఆయన జన్యువులు 2012లో మొత్తం చదివారు, 2023లో మళ్లీ చదివితే మొదటిసారి దాంట్లో ఇప్పటి మనుషుల డీఎన్‌ఏ కలిసిపోయిందని తెలిసింది, ఒంటిరంగు ముదురని, బట్టతల అని కొత్త కబుర్లు తెలిశాయి. బాణం వేసిందెవరు? తెలియదు, తెలిసే దారీ లేదు.

చివరగా మన దేశం సంగతి. 1857 జూలై 30న లాహోర్ దగ్గర మియాన్ మీర్‌లో 26వ నేటివ్ ఇన్‌ఫెంట్రీ సిపాయిలు తిరగబడి పారిపోతే, రావి ఒడ్డున పట్టుకుని, అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్ అజ్నాలాలో 282 మందిని చంపించాడు. పది మంది చొప్పున బయటికి తెచ్చి కాల్చారు, ఇరుకు గదిలో కుక్కిన 45 మంది ఊపిరాడకే పోయారు, శవాలను బావిలో పడేశారు. ఇక్కడా హంతకుడి కోసం వెతకక్కర్లేదు, కూపర్ మరుసటి ఏడాదే గొప్పగా పుస్తకం రాసుకున్నాడు. 2014లో గురుద్వారా కింద ఉన్న ఆ బావిని ఊరివాళ్లే తవ్వి ఎముకలు తీశారు. శాస్త్రీయంగా తవ్వకపోవడంతో చాలా ఎముకలు పాడయ్యాయి, అదొక బాధ. అవి సిపాయిలవి కావు, 1947 దేశవిభజన అల్లర్లలో చచ్చినవాళ్లవని కొందరన్నారు. హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు కూడా ఉన్న బృందం 50 నమూనాల మైటోకాండ్రియా డీఎన్‌ఏని, 85 నమూనాల ఐసోటోపులను (ఒకే మూలకంలో బరువు తేడా ఉండే పరమాణువులను) పరీక్షించి 2022లో ఫలితం ప్రకటించింది. చిన్నప్పుడు తాగిన నీళ్ల గుర్తు పంటి ఎనామిల్‌లో జీవితాంతం ఉండిపోతుంది, ఐసోటోపుల పరీక్ష చూసేది దాన్నే. ఆ పళ్లు పంజాబ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లవి కావు, గంగా మైదానం వాళ్లవి. ఆ రెజిమెంట్‌లో బెంగాల్, బిహార్, ఒడిశా, తూర్పు ఉత్తరప్రదేశ్ వాళ్లుండేవారని చరిత్ర చెబుతున్నది దీంతో కలిసింది.

ఇందులో నాకు నచ్చింది వాళ్లు ఎక్కడ ఆగారో అక్కడ ఆగిపోవడం. ప్రాంతం చెప్పారు, పేర్లు చెప్పలేదు. ఎందుకంటే పేరు చెప్పాలంటే ఈ పళ్లతో పోల్చడానికి వంశం వాళ్ల నమూనా కావాలి, ఆ వంశం ఎవరో తెలియాలంటే ముందు ఆ రెజిమెంట్ హాజరుపట్టీలో, జీతాల లెక్కల్లో సిపాయి పేరు, తండ్రి పేరు, ఊరు దొరకాలి. ఇది ల్యాబ్ వాళ్లు చేసే పని కాదు, పాత రికార్డులు తిరగేసేవాళ్లు చేయాల్సింది. కాబట్టి నాదొక మనవి. అజ్నాలా మీద ఒక ఆదివారం పూర్తి పేజీ ఇవ్వండి. ఆ పరిశోధనలో పాల్గొన్న శాస్త్రవేత్తను ఒకరిని, 1857 సైనిక రికార్డులు చదివిన చరిత్రకారుణ్ని ఒకరిని కూర్చోబెట్టి, ఆ 282 మందిలో కనీసం కొందరి ఊళ్లు, పేర్లు కనుక్కోవడానికి ఇంకా ఏం కావాలో, ఏ కాగితాలు వెతకాలో, మిగిలిన ఎముకలను, పళ్లను ఎలా దాచాలో అడిగి రాయించండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు